ఆరియా అన్న నోరు

మేం అద్దెకుండే ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఈ మధ్య పెద్ద భవనం ఒకటి లేస్తోంది. బరంపురం శివార్లలోని ఈ హల్దియాపదర్‌లో ఇప్పుడు ఏ సందులో చూసినా ఇదే వరస. పొద్దున్నే కాంక్రీటు మిక్సర్ మొదలవుతుంది, ఆ తర్వాత ఇనప చువ్వల మోత. అవన్నీ అలవాటైపోయాయి. కానీ పోయిన నెలలో ఒకరోజు నేను వంటింట్లో టీగిన్నె ఎత్తి పట్టుకుని వడగడుతుంటే, పైఅంతస్తు నుంచి ఒక మగ గొంతు "ఆరియా, ఆరియా" అని సాగదీసి పలికింది. నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. గిన్నె గట్టు మీద చప్పుడు లేకుండా ఆనింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ తర్వాతే నా పై పెదవి మీద కుట్ల మచ్చ చిమచిమలాడింది. పక్కగదిలో అమ్మ కూర తరుగుతోంది. ఆమెకు ఎడమ చెవి వినపడదు, ఆ భవనం ఉన్నది ఆ వైపే. వినలేదులే అనుకున్నాను. కాసేపటికి కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే అడిగింది: "కళాసీలు ఒచ్చినారేటి?"

అది ఓడల మాట. తాడు మీదున్న బరువును మెల్లగా దించమని చెప్పడం. ఎత్తమని చెప్పడానికి దానికి జోడీగా 'హబీస్' అనే మాట ఉంది. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో, ఎవరూ తెరిపించని బీరువాలో, ఓడల పనివాళ్ల మాటలకు అర్థాలు చెప్పే పాత నిఘంటువు ఒకటి ఉంది. పురుగు తొలిచిన ఆ పుటల్లో ఈ మాటను అచ్చులో చూసినప్పుడు, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. పోర్చుగీసు నావికులు తెరచాప దించేటప్పుడు అనేవారట. వాళ్ల ఓడల్లో కూలికెళ్లిన మనవాళ్ల నోట పడి, రేవుల్లో దిగి, అక్కడి నుంచి వంతెనలు కట్టే చోట్లకూ ఫ్యాక్టరీలకూ పాకిందట. దించు, వదులు చెయ్యి, చాలించు అని మూడు అర్థాలిచ్చారు. మా ఇంట్లో దానికి అంతకంటే ఎక్కువ అర్థాలుండేవి. వాటిలో ఒకటి ఏ నిఘంటువులోనూ ఉండదు.

ఆ వారంలోనే గంజాం నుంచి చిన్నత్త ఫోన్ చేసింది. నాన్న చెల్లెలు ఆమె. మేం ఆ ఊరు విడిచిన ఈ పద్నాలుగేళ్లలో పండక్కి పబ్బానికి మమ్మల్ని పలకరించే మనిషి ఆమె ఒక్కతే. "ఇల్లు అమ్మీస్తన్నాడే మీ నాన్న. కళ్లు ఆనట్నేదు. నా కాడికి తెచ్చీసుకుంతన్నాను. మీయమ్మ పెట్టి ఒకటి అటక మీదే ఉండిపోనాది. అట్టుకెల్తారా, పాతసామాన్లోడికి ఇచ్చీమంతారా?" అంది. అమ్మకు చెప్పాను. "నాను రాను. నువ్వెల్లు" అంది. "మా అమ్మ ఇచ్చిన ఇత్తడి సెంబుంది అందులో." కత్తిపీట ముందుకు లాక్కుంటూ, "నీ పుస్తకాలూ అందులోనే ఏసినాను" అంది. నా పుస్తకాలు పోయాయనుకుని నేను ఎన్నిసార్లు ఏడ్చానో ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా ఈ మాట చెప్పలేదు. చెబితే నేను వాటికోసం అక్కడికి వెళ్తానని భయపడి ఉంటుంది.

గంజాంలో మా ఇల్లు రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి నడిచిపోయేంత దూరం. సాయంత్రం గాలి తిరిగితే ఎండుచేపల వాసన, ఉప్పుమళ్ల వాసన ఇంట్లోకొచ్చేవి. కానీ ఇంటికంటూ ఉన్న వాసన వేరు. తారు, గ్రీజు, తడిసి ఆరిన నార. ముందుగదిలో మిగతావాళ్లు దేవుడి పటాలు పెట్టుకునే గోడకు మా ఇంట్లో తాళ్ల చుట్టలు వేలాడేవి. మా తాత గిరిసోల దగ్గరి పల్లె నుంచి చిన్నతనంలోనే పారిపోయి ఓడలెక్కినవాడు. ఓడల్లోంచి రేవుకు, రేవులోంచి గంజాం ఫ్యాక్టరీకి వచ్చి, బరువులెత్తే కళాసీల గుంపుకి టిండాల్ అయ్యాడు. టిండాల్ అంటే గుంపు పెద్ద. వయసు మళ్లి పని మానేసినా రోజూ పొద్దున్నే గోడ మీంచి ఒక తాడు దించి, మూరమూరా అరచేతిలోంచి పోనిస్తూ, అక్కడక్కడ బొటనవేలితో పురి విప్పి లోపల వాసన చూసేవాడు. "తాడు లోపట కుళ్లుతాది గుంటా, పైన కాదు" అనేవాడు నాతో. కుళ్లిన తాడు పులిసిన గంజి వాసనొస్తుంది. నేను ఇప్పటికీ బజార్లో తాడు కొంటే ఎవరూ చూడకుండా వాసన చూస్తాను.

తాడు కొస విడిపోకుండా మైనం పట్టించిన సన్నదారంతో బిగించి చుట్టాలి. దాన్ని 'తల కట్టడం' అనేవాళ్లు. అది మా ఇంట్లో ఆడవాళ్ల పని. నానమ్మ పోయాక అమ్మది. అమ్మ పళ్లతో దారం బిగబట్టి, కాలి బొటనవేలికి తాడు తగిలించి చుట్టేది. ఆమె కట్టిన తల రాయిలా ఉండేది. గుంపులో అందరూ మెచ్చుకునేవారు. నాన్న ఫ్యాక్టరీ నుంచి ఒకవైపే అచ్చయిన పాత కాగితాలు నాకోసం మడిచి తెచ్చేవాడు. అమ్మ అదే దారంతో, అదే బిగువుతో వాటిని పుస్తకాలుగా కుట్టి ఇచ్చేది. నేను రాయడం మొదలుపెట్టింది వాటిలోనే. చెడ్డవాళ్లు అన్నీ చెడ్డగానే చేస్తే రాయడం తేలికయ్యేది. ఆ కాగితాలు నాన్నే తెచ్చాడు.

తాత నోట ఆ మాట రోజుకు ఎన్నిసార్లో వినపడేది. అమ్మ పొయ్యి మీంచి అన్నంకుండ దించుతుంటే అరుగు మీంచే "ఆరియా" అనేవాడు. నన్ను భుజం మీంచి దించుతూ అనేవాడు. సారా గొంతు దిగుతుంటే కళ్లు మూసుకుని తనకు తనే అనుకునేవాడు. గుంపులో పాతవాడెవడైనా పోయాడని కబురొస్తే కాసేపు నేలవైపు చూసి, "ఆడూ ఆరియా అయిపోనాడు" అనేవాడు. ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ మెత్తగా ఉండేది, పసిపిల్లను పడుకోబెడుతున్నట్టు.

కానీ ఆయన తప్ప ఇంట్లో ఇంకెవరూ దాన్ని అనకూడదు. బరువు గాల్లో ఉన్నంతసేపు ఒక్కటే నోరు పలకాలని కళాసీల కట్టడి. బరువు ఎవరి కళ్లకు కనిపిస్తోందో ఆ ఒక్కడే చెప్పాలి. తాడు పట్టినవాళ్లు ఆలోచించకూడదు. మాట వినపడేదాకా వదలకూడదు, కట్టేసి తప్పుకోకూడదు, వినపడ్డాక ఆగకూడదు. మోతలో గొంతు వినపడకపోతే కుడిచెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, మెల్లగా దించి చూపాలి. ఎడమచేత్తో ఎప్పుడూ సైగ చెయ్యకూడదు. ఆడవాళ్లూ పిల్లలూ ఆటకైనా ఆ మాట అనకూడదు. నాకు ఐదేళ్లప్పుడు బొమ్మను మంచం మీంచి దించుతూ అన్నాను. అమ్మ పరుగెత్తుకొచ్చి మూతి మీద కొట్టింది. అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

ఎందుకలాగని తాతను అడిగితే అన్నం తింటూ చెప్పాడు. ఆయన రేవులో ఉన్న రోజుల్లో, బియ్యం బస్తాలతో నిండిన వల గాల్లో వేలాడుతుంటే, గట్టు మీద నిలబడి చూస్తున్న ఎవడో సరదాకి ఆ మాట అన్నాడట. తాడు పట్టుకున్న నలుగురిలో ఇద్దరు వదిలారు, ఇద్దరు వదల్లేదు. తాడు పక్కకి గుంజుకుపోయి, తాత ఎడమచేతిని కప్పీలోకి, అంటే తాడు తిరిగే ఇనప చక్రంలోకి, లాక్కుపోయి రెండు వేళ్లు తెంపేసింది. వల తెగి కింద ఉన్నవాడి మీద పడింది. "ఆడి తలకాయి ఏకాడుందో ఎతుక్కున్నాం" అన్నాడు తాత, ముద్ద కలుపుతూ.

"సరదాకి అన్నోడు ఏటయ్యాడు తాతా?"

"ఆణ్ణీ దించీసినాం నీల్లలోకి" అన్నాడు. "మళ్లా పైకెత్తనేదు."

నవ్వలేదు. ఇంకో ముద్ద పెట్టమని అమ్మవైపు కంచం జరిపాడు.

మా నాన్నకు పదేళ్లప్పుడే తాత తాడు పట్టించాడు. పెరట్లో దూలానికి కప్పీ వేలాడదీసి, రాళ్లబుట్ట కట్టి, తాడు నాన్న చేతికిచ్చి తను గోడ అవతలికి వెళ్లేవాడట. ఒక్కోసారి మాట అనకుండా చాలాసేపు ఉండిపోయేవాడట. చేతులు నొప్పెట్టి పిల్లవాడు ముందే వదిలితే తాడు కొసతో వీపు పగలగొట్టేవాడు. మాట విన్నాక తడబడినా అంతే. "నాను ఆడి సెవికి నేర్పనేదు, సేతికి నేర్పినాను" అని తాత గొప్పగా చెప్పేవాడు. అది నిజం. నాన్న ఏ పనిలో ఉన్నా, ఎంత తాగి ఉన్నా, తాత ఆ మాట అంటే చెయ్యి దిగిపోయేది.

మా ఇంట్లో ఆ మాటకున్న మరో అర్థం అక్కడి నుంచి వచ్చింది. నాన్న అమ్మను కొట్టేవాడు. అన్నం మెత్తబడిందని, నీళ్లు తోడలేదని, జవాబు చెప్పిందని, జవాబు చెప్పలేదని. పని నుంచి వచ్చాక, కాళ్లు కడుక్కోకముందే, గోడ మీంచి ఒక తాడు అందుకునేవాడు. అమ్మ చేతులతో తల కట్టిన కొసే ఆమె వీపు మీద పడేది. రాయిలాంటి ఆ చుట్టు పడిన చోట చర్మం చిట్లి, పక్కరోజుకి నల్లగా గుండ్రంగా తేలేది. అమ్మ అరిచేది కాదు. పళ్ల మధ్య కొంగు పెట్టుకునేది, దారం బిగబట్టినట్టే. నేను తలుపు వెనక నిలబడేదాన్ని. అరుగు మీద మంచంలో తాత కూర్చుని ఉండేవాడు. కాసేపటికి లోపలికి చూడకుండానే "ఆరియా" అనేవాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా, దేనికీ తగలకుండా, కిందికొచ్చేది. నాన్న తాడు చుట్టి గోడకు తగిలించి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లేవాడు. అన్నం వడ్డించుకునేవాళ్లు. చుట్టుపక్కల వాళ్లు మా తాతను దేవుడనేవారు. ఆయన ఉండబట్టే ఆ కోడలు బతికి ఉందని.

నేనూ అలాగే అనుకున్నాను, రాయడం మొదలుపెట్టేదాకా. ఆ కాగితాల పుస్తకంలో రోజూ ఏం జరిగిందో రాసేదాన్ని. దెబ్బలకు చిన్న గీతలు పెట్టేదాన్ని. కొన్నాళ్లకి వెనక్కి తిప్పి చూస్తే, ప్రతిసారీ ఏడు గీతలున్నాయి. ఆరు కాదు, ఎనిమిది కాదు. తాత ఏడో దెబ్బ పడ్డాక అనేవాడు. ఎంత తాడు వదలాలో తెలిసినవాడు వదిలినట్టు, కొడుక్కి ఏడు దెబ్బలు వదిలేవాడు. మొదటి దెబ్బకే అనగల నోరు అది. చెయ్యి ఎత్తకముందే అనగల నోరు. ఆ సంగతి తెలిసిన రోజు నేను తాత పక్కన పడుకోలేదు. ఎందుకని ఆయన అడగలేదు.

తర్వాత తాతకు పక్షవాతం వచ్చింది. స్నానం చేస్తూ బావి దగ్గర పడిపోయాడు. కుడివైపంతా చచ్చుబడింది, మాట పోయింది, మూతి ఒక పక్కకు లాక్కుపోయింది. గుంపులో అప్పటికే నాన్న టిండాల్. ఇక ఇంట్లో ఆయనకు పైన ఎవరూ లేరు. దెబ్బలు ఏడు దగ్గర ఆగడం మానేశాయి. నాన్న అలిసిపోతే ఆగేవి. తాడు జారిపోతే పిడికిలి. అమ్మ ఎడమ చెవి పోయింది అప్పుడే. చెవిలోంచి మూడు రోజులు రక్తం, ఆ తర్వాత చీము కారాయి. దూది పెట్టుకుని కూర్చుని ఆమె తాళ్లకు తల కడుతూనే ఉంది.

తాత మంచం లోపలికి మార్చారు, గోడవారగా. కళ్లు బాగానే కనిపించేవి. ఎడమచెయ్యి బాగానే ఆడేది. మజ్జిగ గ్లాసు పట్టుకునేవాడు, మూడు వేళ్లతో ఈగలు తోలుకునేవాడు. నాన్న అమ్మ మీద చెయ్యెత్తినప్పుడు మాత్రం ఆ చేతిని తొడ కింద పెట్టుకునేవాడు. మొదట నాకర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎడమచేత్తో సైగ చేస్తే పెద్ద బరువేదో ఎవరి మీదో పడుతుందని ఆయన నిజంగా నమ్మాడు. ఎదురుగా కోడలు నేల మీద పడి ఉంటే, ఆ ముసలాయన కట్టడి తప్పకుండా చెయ్యి దాచుకున్నాడు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారేవి. చెయ్యి మాత్రం కదిలేది కాదు.

నాకు పదకొండేళ్లు. ఆ రోజు మధ్యాహ్నం నాన్న పని మధ్యలోనే ఇంటికొచ్చాడు. అమ్మ పొయ్యి దగ్గర గంజి వారుస్తోంది. నాన్న చేతిలో ఉన్న తాడును ఆమె ముందు పడేశాడు. ఆయన ఎప్పుడూ కొట్టే తాడే. దాని తల విప్పేసి ఉంది. కొస గుర్రపు తోకలా విచ్చుకుని ఉంది.

"ఇదేటి?" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నానే ఇప్పినాను" అంది అమ్మ.

"గుంపంతా నవ్వినారు నన్ను సూసి. నిన్నగాక మొన్న సేరినోడు, 'టిండాల్ బాబు, దౌడి ఖోలిగలా' అని ఒడియాలో ఎక్కిరించినాడు. తాడు ఇప్పుకుని ఒచ్చినాననీసి. తెలిసే ఇప్పినావా?"

"తెలిసే."

"ఎందుకు?"

"ఆ కొస తగిలీది నాకు. నాకు తగిలీదాన్ని నానెందుకు బిగించాల?"

అమ్మ నాన్నకు అంత పొడుగు జవాబు చెప్పడం అంతకుముందు నేను వినలేదు. నాన్న కాలితో ఆమె నడుం మీద తన్నాడు. గంజి వార్చిన గిన్నె పక్కకు ఒరిగి, సగం నేల మీద పారింది. ఆమె లేవబోతే జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. గోడ మీద తాళ్ల చుట్టలు ఊగాయి. గూట్లోంచి ఆయన చేతికి అందింది ఇనప ములుకు. తాడు పురి విప్పడానికి కళాసీలు వాడతారు దాన్ని. జానెడు పొడవు, ఒక కొస సూదిలా, ఒక కొస మొద్దుగా. తాడుతో కొట్టేటప్పుడు ఆయన మొహంలో కోపం ఉండేది. ములుకు ఎత్తినప్పుడు కోపం కూడా లేదు. పనిలో ఉన్న మనిషి మొహంలా ఉంది. ఇప్పుడు చంపేస్తాడని నాకు తెలిసిపోయింది.

తాత వైపు చూశాను. ఆయన చెయ్యి తొడ కింద ఉంది.

నేను "ఆరియా" అన్నాను.

బడిలో హాజరు పలకడానికి కూడా గొంతు రాని పిల్లను నేను. ఆ రోజు వచ్చింది. పెద్దగా కాదు. తాత అన్నట్టే మెత్తగా, చివర సాగదీసి. నాన్న చెయ్యి దిగింది. భుజం, మోచెయ్యి, మణికట్టు, ఒకదాని వెనక ఒకటి, దేనికీ తగలకుండా ములుకు తొడ దాకా వచ్చి ఆగింది. ఆయన గిరుక్కున తాత వైపు తిరిగాడు. ఆ మొహాన్ని నేను మరిచిపోలేను. తండ్రికి మాటొచ్చిందనుకున్నాడు. ఒక్క క్షణం ఆ మొహం చిన్నపిల్లవాడిదైపోయింది. తాత మూతి ఎప్పటిలాగే వంకరగా ఉంది. అప్పుడు నన్ను చూశాడు.

"నువ్వా" అన్నాడు.

రెండడుగుల్లో నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ములుకును తిప్పి, మొద్దు వైపుతో నా మూతి మీద కొట్టాడు. అలా తిప్పడానికి ఆయన తీసుకున్న క్షణం గురించి నేను ఆ తర్వాత ఎన్నో పుస్తకాల్లో ఎన్నో రకాలుగా రాసుకున్నాను. ఏ రకంగా రాసినా సరిపడలేదు. పై పెదవి చీలి రెండయింది. ముందుపళ్లు రెండు నాలుక మీదికి రాలాయి. మింగకూడదని మాత్రం అనిపించింది. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు. అప్పుడు అమ్మ మిగిలిన గంజిగిన్నెను రెండు చేతులా ఎత్తి ఆయన మెడ మీద బోర్లించింది.

మా అమ్మ నోటి నుంచి రాని అరుపు నాన్న నోటి నుంచి వచ్చింది. చొక్కాతో పాటు చర్మం ఊడింది. ఆయన నేల మీద పొర్లుతుంటే, అమ్మ వెతికి నా పళ్లు ఏరుకుని కొంగున కట్టుకుంది, తిరిగి అతుకుతారనుకుని. ఆయన చేతికి చిక్కకూడదని నా పుస్తకాలు పెట్టెలో పడేసి అటక మీదికి తోసింది. అది నేను చూడలేదు. తాత మంచం పక్కనుంచే బయటికి వచ్చాం. చెయ్యి అప్పటికీ తొడ కిందే ఉంది.

బరంపురం బస్సులో అమ్మ నా మూతికి పైట అదిమిపెట్టుకుని కూర్చుంది. కండక్టర్ "కణ హెలా?" అని అడిగాడు, ఏమైందని. "పడిపోనాది" అంది అమ్మ తెలుగులో, తర్వాత అదే ఒడియాలో. ఆయన ఆమె చిట్లిన నుదురు చూసి, ఇంకేమీ అడక్కుండా, ముందు సీటు ఖాళీ చేయించాడు. ఆస్పత్రిలో పెదవికి కుట్లు వేశారు. పళ్లు అతకలేదు. హల్దియాపదర్‌లో ఒక విద్యార్థుల హాస్టల్లో అమ్మకు వంటపని దొరికింది. ఆ చలికాలమే తాత పోయాడు. మేం వెళ్లలేదు. "ఆరియా అయిపోనాడు" అని ఎవరో ఒకరు అనాలి కదా అనిపించింది నాకు. కానీ అప్పటికే పదిమందిలో నోరు తెరవడం మానేశాను.

పోయిన ఆదివారం గంజాం వెళ్లాను. ఇల్లు అలాగే ఉంది, చిన్నదైంది. గోడ మీద తాళ్లు లేవు, మేకులున్నాయి. తారు వాసన ఇంకా ఉంది. నాన్న అరుగు మీద కూర్చున్నాడు. కళ్లల్లో తెల్లగా పొర. మెడ మీంచి ఛాతీ దాకా కాలిన మచ్చ, ముడతలు పడిన గుడ్డలా. నా అడుగుల చప్పుడుకి తల ఎత్తాడు.

"ఎవులూ?"

"నేను" అన్నాను.

చెయ్యి చాచి పక్కనున్న స్తంభం తడిమాడు. "పెట్టి కోసం ఒచ్చినావా. మీ అత్త సెప్పినాది" అన్నాడు. "దాంట్లో నాను ఇనప సామానేసినాను. నీవల్ల కాదు. అయ్య కప్పీ ఉంది, దించుదాం."

తాత కప్పీ పెరట్లోంచి లోపలికి వచ్చి మధ్యదూలానికి వేలాడుతోంది. నేను నిచ్చెన ఎక్కి పెట్టెకు తాడు చుట్టాను. ముడి ఎలా వెయ్యాలో నా వేళ్లకు గుర్తుంది. తాడు రెండో కొసను కప్పీలోంచి గుమ్మం బయటికి లాగి, నాన్న అరుగు మీద నిలబడి, రెండు చేతులా పట్టుకుని, కాలు గడపకు తన్నిపెట్టాడు. అక్కడి నుంచి ఆయనకు లోపల ఏమీ కనపడదు. కళ్లు బాగున్నా కనపడదు. నేను పెట్టెను అటక అంచు దాటించి తోశాను. దూలం మూలిగింది. పెట్టె గాల్లో ఊగి నిలబడింది.

"సెప్పు" అన్నాడు బయటి నుంచి.

నేను మాట్లాడలేదు.

"నాకు అవుపడదు. నువ్వే సెప్పాల."

నిచ్చెన మీంచి పెట్టె కనిపిస్తోంది, దాని కింద ఖాళీ నేల కనిపిస్తోంది. అమ్మ పడ్డ చోటు అది. గుమ్మంలోంచి ఆయన చేతులు మాత్రం కనిపిస్తున్నాయి, బిగిసిన నరాలతో. అరుగు స్తంభానికి తాడు ఒక చుట్టు చుట్టేసి తప్పుకోవచ్చు. చుట్టలేదు. వదిలెయ్యొచ్చు. వదల్లేదు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన చేతులు వణకడం మొదలైంది. తాడు వేలెడంత జారింది, మళ్లీ పట్టుకున్నాడు. ఊపిరి బరువుగా వినపడుతోంది. నేను ఆ ఊపిరులు లెక్కపెడుతున్నానని మూడో ఊపిరికి నాకు తెలిసింది. ఆపలేదు. పద్నాలుగేళ్లలో ఎన్నడూ లేనంత తీరిక అనిపించింది నాకు. ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు, నేను అనేదాకా. తాత అరుగు మీద కూర్చుని ఏం అనుభవించేవాడో అప్పుడు నా నాలుక కింద తీపిగా తగిలింది. నాకు భయమేసింది.

ఏడో ఊపిరికి "ఆరియా" అన్నాను.

పెట్టె మెల్లగా, గోడకు తగలకుండా, చప్పుడు లేకుండా నేల మీద ఆనింది. నేను నిచ్చెన దిగి బయటికి వచ్చేసరికి ఆయన గుమ్మానికి ఆనుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. తోలు లేచిపోయింది. తాడు మీద రక్తం అంటుకుని ఉంది.

"మా అయ్య కూడా అంతసేపే ఉంచీవోడు" అన్నాడు. నిష్టూరంగా కాదు. పనివాడు మరో పనివాణ్ణి గుర్తుపట్టినట్టు అన్నాడు.

పెట్టెలోంచి ఇనుము తీసి అక్కడే వదిలేశాను. కప్పీ ఇవ్వబోయాడు, వద్దన్నాను. ఆటో మాట్లాడుకుని చీకటి పడకముందే ఇంటికొచ్చాను. అమ్మ పెట్టె మూత తెరిచి చెంబు తీసి, చీరకొంగుతో తుడిచి, నా పుస్తకాలు నా ఒళ్లో పెట్టింది. కుట్టు ఒక్కటీ ఊడలేదు. కుడి చెవి నావైపు తిప్పి అడిగింది.

"ఎవులు దించినారు?"

"నాన్న."

"మాట ఎవులన్నారు?"

"నేనే."

అమ్మ చెంబులోకి చూస్తూ ఉంది. "ఆలీసం సెయ్యకుండా బేగి అన్నావా?" అంది.

పక్క భవనంలో పని ఆగిపోయింది, కళాసీలు దిగిపోయారు. అంత నిశ్శబ్దంలో, నా గొంతు ఆమె మంచి చెవికి స్పష్టంగా వినపడేలా, "బేగి అన్నాను" అని చెప్పాను.